సోంబరు మధ్యేమార్గం

జోడికొండ మీద బాక్సైట్ తవ్వకూడదన్న పోరాటంలో సోంబరు తమ్ముడు ధర్మ లాఠీ దెబ్బలకు చనిపోయాడు. ఆ తర్వాత సోంబరు రెండుసార్లు ఎమ్మెల్యేగా పోటీ చేశాడు. కొండ ఊళ్లన్నీ ఓటేశాయి. రోడ్డు పక్క ఊళ్లు వెయ్యలేదు. రెండుసార్లూ ఓడిపోయాడు.

మూడోసారి ఒక పెద్ద పార్టీ టికెట్ ఇచ్చింది. ప్రచారం నడపడానికి విశాఖ నుంచి దేవీప్రసాద్‌ని పంపింది.

"కొండవాళ్లు నీకు కాక ఇంకెవరికి వేస్తారు? నువ్వు కొంచెం మధ్యకి రా సోంబరూ. తవ్వకం వద్దనకు, కావాలనకు. ముందు సర్వే జరగనీ, తర్వాత చూద్దామను. షాపులవాళ్లు, ఉద్యోగస్తులు నిన్ను చూసి భయపడటం మానేస్తారు."

డుంబ్రిగుడ సంతలో సోంబరు ఆ మాటే అన్నాడు. అల్లం అమ్ముకుంటున్న ధర్మ భార్య రమణి లేచి, వేదికెక్కి మైకు లాక్కుంది.

"బావా! నీ తమ్ముడు సర్వే కోసమే సచ్చాడేటి?"

దేవీప్రసాద్ మనుషులు ఆమెను జుట్టు పట్టి కిందికి ఈడ్చారు. జెండా కర్రలతో బాదారు. అడ్డం వచ్చిన గాసి అనే ముసలాయన ముంజేయి విరిగి ఎముక బయటికొచ్చింది. సంతకొచ్చిన కొండవాళ్లు తూకం రాళ్లు విసిరారు. ఒక కర్ర కొన రమణి ఎడమ కంట్లో దిగింది. ఆమె అరుపు మైకు లేకుండానే సంతంతా వినిపించింది.

సోంబరు దూకబోయాడు. దేవీప్రసాద్ అతని చొక్కా పట్టుకుని ఆపాడు.

"దిగావంటే మళ్లీ పాత సోంబరువే. అందరూ వీడియో తీస్తున్నారు."

సోంబరు ఆగిపోయాడు. మైకు తీసుకున్నాడు.

"రెండు పక్షాలూ శాంతించాలి," అన్నాడు.

కర్రలున్నది ఒక పక్షం దగ్గరే. ఆ సంగతి అతనికి కనబడుతూనే ఉంది.

సోంబరు పదకొండు వందల ఓట్లతో గెలిచాడు. రోడ్డు పక్క ఊళ్లు గెలిపించాయి. సొంత ఊళ్లో ముప్పై రెండు ఓట్లే పడ్డాయి.

గెలిచిన మూడో రోజు పోలీసు జీపుతో ఊరికి వెళ్లాడు. దారికి అడ్డంగా జనం. ముందు రమణి, కంటికి కట్టుతో. సోంబరు పోలీసుల్ని ఆగమని ఒక్కడే దిగి నడిచాడు. మొదటి రాయి భుజానికి తగిలింది, రెండోది నుదురు చీల్చింది. చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

"అసెంబ్లీలో తవ్వకం వద్దనే సెప్తాను రమణీ."

"సెప్తావేమో. ఈసారి నీకు ఓటేసినోళ్లు ఊరుకుంటారేటి?"

 రక్తం అతని కళ్లలోకి కారుతోంది. రమణి పక్కకి జరగలేదు.

వెనక్కి వచ్చాక ఎస్సై అడిగాడు, "ఎవరు కొట్టారు సార్? పేర్లు చెప్పండి."

"జారి పడ్డాను," అన్నాడు సోంబరు.