వెనక కాళ్ళ సమ్మె

అబెల్ ఇనామినె ముప్పయ్యేళ్ళుగా సింహం. కాకపోతే నడుము కిందనుంచి.

నడుము పైభాగం అతని బావ ఫెర్మీన్ గుషికెన్, అంటే అబెల్ భార్య నెలిడాకు సొంత అన్న. అర్జెంటీనాలో బ్యూనస్ ఐరిస్ పక్కనున్న బుర్జాకోలో, జపాన్ దీవి ఒకినావా నుంచి వలస వచ్చినవాళ్ళ సంఘం ఆవరణలో ఏటా నవంబరులో జరిగే పండుగలో సింహం ఆడకపోతే పండుగ జరిగినట్టు కాదు. తల ఒకడు, తోక ఒకడు, మధ్యలో గోనె సంచులు పీకి దువ్విన పీచు, ఇదీ సింహం. తల ఎవరిదన్న ప్రశ్న ఎన్నడూ రాలేదు. ఫెర్మీన్ సంఘానికి అధ్యక్షుడు. పదవి తలకెక్కిందని కొందరి గురించి అంటారు. ఫెర్మీన్ విషయంలో తలే పదవి. పైగా బ్యూనస్ ఐరిస్‌లో లాండ్రీ దుకాణం ఉన్నవాడు. ఊరందరి మరకలూ తెలిసినవాడికి ఎదురు చెప్పడం ఎవరికీ క్షేమం కాదు. అబెల్‌ది కార్నేషన్ పూల తోట. ఒకరి చెవిలో పువ్వు పెట్టే రకం కాదు, టోకున అమ్ముకునే రకం. అలాంటివాణ్ణి చూడగానే ఎవరికైనా వెనక కాళ్ళే గుర్తొస్తాయి.

వెనక పని తక్కువదేం కాదు. పెద్ద డప్పు మీద మూడు దెబ్బలు వరసగా పడగానే ముందువాడు ఎగురుతాడు. వెనకవాడు మోకాళ్ళు వంచి, గాల్లో ఉన్నవాడి నడుం పట్టీ పట్టుకుని, తన తొడల మీద నిలబెట్టుకుంటాడు. సింహం లేచి నిలబడిందని జనం చప్పట్లు కొడతారు. ఆ చప్పట్లు నేరుగా తలకు పోతాయి. బావను వెనకేసుకొచ్చే బావమరుదులు లోకంలో చాలామంది ఉండవచ్చు గాని, అబెల్ ఆ పనిని మోకాళ్ళతో చేశాడు. వెన్నుదన్ను అనే మాటకు బొమ్మ వేయాలంటే అతన్ని నిలబెట్టి వేయొచ్చు. నిలబెట్టి కాదు, వంగబెట్టి.

ఇన్నేళ్ళలో అబెల్ చూసిన పండుగ అంతా కలిపితే ఫెర్మీన్ ప్యాంటు వెనక భాగం. ఇస్త్రీ మాత్రం ఎప్పుడూ బాగుండేది.

ఆట అయ్యాక చంటిపిల్లల్ని తెచ్చి సింహం నోట్లో తల పెట్టిస్తారు. సింహం ఉత్తుత్తిగా కొరుకుతుంది. కొరికించుకున్న పిల్లకు జబ్బు చేయదు, బుర్ర పదునెక్కుతుంది. ఏడిస్తే ఇంకా మంచిది. అబెల్ కొడుకు మార్తీన్‌ను అప్పట్లో ఫెర్మీనే కొరికాడు. అబెల్ ఆ శుభకార్యాన్ని చెవులతో చూశాడు. "ఏడ్చింది మనవాడేనా బావా?" అని పీచులోంచి అడిగితే, "చాలా ఏడ్చాయి. ఏది ఎవరిదో ఎవడు చూశాడు," అన్నాడు ఫెర్మీన్.

ఈ ఏడు మార్తీన్ కూతురు అంపారో వంతు. ఏడాదిన్నర పిల్ల. పోయినేడు పండుగనాటికి జ్వరమొచ్చి కొరుకుడు తప్పిపోయింది.

పండుగ ఇంకా కొన్నాళ్ళుందనగా ఒక ఆదివారం, అబెల్ ఇంటి వెనక మాంసం కాలుస్తుండగా, అతను మాట బయటపెట్టాడు.

"బావా, ఈసారి తల నాకియ్యి."

ఫెర్మీన్ బొగ్గుల మీద ముక్క తిరగేశాడు. "ఏం, నీది పనిచెయ్యట్లేదా?"

"మనవరాల్ని నేను కొరకాలి."

"ఇంట్లో కొరుక్కో. వద్దన్నదెవరు?"

"ఇంట్లో కొరికితే తాత కొరికినట్టు. సింహం కొరికినట్టు కాదు."

"నువ్వూ సింహానివేగా, సగం."

"ఏ సగమో నీకు తెలుసు బావా. ఆ సగంతో కొరకడం కుదరదు."

ఫెర్మీన్ గొంతు సవరించుకున్నాడు. అధ్యక్షోపన్యాసాలకు వాడే గొంతు అది. "చూడు అబెల్. తలంటే ఊపడం కాదు. తలకి చూపుండాలి, ఠీవి ఉండాలి. ఈ ఏడు ఒకినావా నుంచి మియహిరా మాస్టారు వస్తున్నాడు. ఊరూరి సింహాలూ చూసి పుస్తకం రాస్తున్నాట్ట. ఆయన ముందు మనకి తలవంపులైతే?"

"వంచడం నాకలవాటే."

సలాడ్ కలుపుతున్న నెలిడా తలెత్తకుండానే అంది, "ఇవ్వరాదా అన్నయ్యా. నీ మొహానికి వేరే సింహం తల ఎందుకు? దండగ."

"కుదరదంటే కుదరదు. ఆచారం."

అబెల్ చేతిలోని మాతే టీని గొట్టంతో అడుగు గురగురలాడేదాకా పీల్చాడు. తర్వాత శాంతంగా చెప్పాడు, "అయితే ఈ ఏడు నేను వెనక ఉండను."

మాంసం కాసేపు ఎవరూ తిరగెయ్యలేదు.

అర్జెంటీనాలో సమ్మె కొత్త కాదు. రైళ్ళు ఆగుతాయి, బ్యాంకులు మూస్తారు, బడిపిల్లలు పండగ చేసుకుంటారు. కానీ వెనక కాళ్ళు సమ్మెకు దిగితే ఏం చెయ్యాలో సంఘం నియమావళిలో లేదు. ఫెర్మీన్ మనుషుల కోసం తిరిగాడు. కుర్రాళ్ళంతా డప్పుల దళంలో ఉన్నారు. అక్కడ మొహం కనిపిస్తుంది, ఆడపిల్లలు చూస్తారు. పీచులో దూరి అధ్యక్షుడి ప్యాంటు చూస్తూ గడపడానికి యువతరం ముందుకు రాలేదు, వెనక్కీ రాలేదు. ఒకరిద్దరు పెద్దవాళ్ళు ఆసక్తి చూపించారు గాని, "మీ బరువెంత?" అని అడిగి, విని, మళ్ళీ ఫోన్ చేయలేదు.

పండుగ వారంలోకి వచ్చాక ఫెర్మీన్ పూల తోటకు వచ్చాడు. కార్నేషన్ల మధ్య కాసేపు నిలబడి, వాసన కోసం వచ్చినవాడిలా ఒకటి వాసన చూశాడు.

"ఈ ఒక్క ఏడే," అన్నాడు.

"సరే."

"అంటే నేను నిన్నెత్తాలి."

"ఎత్తాలి."

"నాకు అరవై ఆరు."

"నిన్ను ఎత్తినప్పుడు నాకేమైనా పదహారా బావా?"

ఒక్కసారి సాధన చేద్దామనుకున్నారు. దుకాణం మూసిన మధ్యాహ్నం పూట, లాండ్రీ వెనక గదిలో, వేలాడుతున్న కోట్ల మధ్య. అది వీధంతా కునుకు తీసే వేళ. పైఅంతస్తు ఆవిడ చప్పుడైతే పోలీసులకు ఫోన్ చేసే రకం. అందుకని డప్పు వద్దనుకున్నారు. అబెల్ "ఇప్పుడు" అని గుసగుసగా చెప్పి ఎగిరాడు. ఫెర్మీన్ పట్టుకున్నాడు. అద్భుతంగా కుదిరింది. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు మెచ్చుకోకుండా ఉండటానికి కష్టపడ్డారు.

పండుగనాడు అబెల్ తలలో తల పెట్టాడు. ఆ తలను తొలితరం వాళ్ళు ఇక్కడి సెయ్‌బో చెట్టు మానుతో చెక్కారు. ఒకినావాలో సింహం తల చెక్కే చెట్టుకు సెయ్‌బో పినతల్లి కూతురు వరస. వలస వచ్చినవాళ్ళు చుట్టాన్ని చూడగానే గుర్తుపట్టి నరికేశారు. లోపల ఫెర్మీన్ తలనూనె వాసన. నోరు తెరిస్తే జానెడు వెలుతురు. ఆ వెలుతురులో అబెల్‌కు బూట్లు, నేల మీద చాపలు, చాపల మీద పిల్లలు కనిపించారు. ముందు వరసలో కోడలు లూసియానా, ఆమె ఒళ్ళో అంపారో. పిల్ల చేతిలో నూనెలో వేగిన పిండివంటకం ఉంది. పక్కనే కుర్చీలో వీపు వంచకుండా కూర్చున్నది మియహిరా మాస్టారు.

"కనిపిస్తోందా?" అన్నాడు వెనకనుంచి ఫెర్మీన్.

"అంతా కనిపిస్తోంది బావా."

"నాకేం కనపట్లా."

"ఆఁ."

డప్పులు మొదలయ్యాయి. సింహం నడిచింది, చెవి గోక్కుంది, లేని ఈగను పట్టింది, పట్టిన ఈగను నమిలింది. అబెల్ బాగా ఆడాడు. ఇన్నేళ్ళూ వెనక నుంచి చూసి నేర్చుకున్నాడని అనలేం, చూసింది ప్యాంటే కాబట్టి. కానీ ప్యాంటు ఎటు తిరిగితే తల ఎటు తిరుగుతుందో అతనికి తెలిసినట్టు ఫెర్మీన్‌కే తెలియదు. చప్పట్లు పడ్డాయి. మొదటిసారి అవి అతని చెవుల్లోకి సూటిగా వచ్చాయి.

అప్పుడు పెద్ద డప్పు మీద మూడు దెబ్బలు వరసగా పడ్డాయి.

అబెల్ మెదడు ఎగరాలనే అనుకుంది. మోకాళ్ళు మెదడును అడగలేదు. ఆ దెబ్బలకు వంగడం తప్ప వేరే పని తెలియని మోకాళ్ళు అవి, వంగాయి. చేతులు తలను వదిలేసి ఎదురుగా నడుం పట్టీ కోసం చాచుకున్నాయి. ఎదురుగా గాలి ఉంది. సరిగ్గా ఆ క్షణాన, ఆ దెబ్బలకు ఎగరడం తప్ప వేరే పని తెలియని ఫెర్మీన్ వెనకనుంచి ఎగిరాడు.

అంతా తలకిందులైంది. మామూలుగా ఇది వాడుక మాట. ఆరోజు మాత్రం వార్త. సింహం తల నేలకు ఆని, నడుము ఆకాశానికి లేచి, తోక జెండాకర్రలా నిక్కింది. అడుగున అబెల్ బోర్లా, అతని వీపు మీద అధ్యక్షుడు.

డప్పులవాళ్ళకు ఏమీ తెలియదు, కొడుతూనే ఉన్నారు. జనం ఇదీ ఆటలో భాగమే కాబోలని చప్పట్లు కొట్టారు.

"దిగు బావా," అన్నాడు అబెల్, చాపతో మాట్లాడుతున్నట్టు.

"దిగితే పడ్డామని తెలిసిపోతుంది. కదలకపోతే ఆటనుకుంటారు."

"నా వీపు."

"నీ వీపని వాళ్ళకి తెలీదుగా. ఓర్చుకో."

అబెల్ ఒక చెయ్యి తన ఛాతీ కింద ఇరుక్కుంది, రెండోది ఫెర్మీన్ మోకాలి కింద. దవడ ఆడించాలంటే చేతులే కావాలి. తల సంపాదించాడు, నోరు తెరుచుకునే ఉంది, కొరకడానికి చేతుల్లేవు. ఇక ఈ ఏడు గడిచిపోతుంది. పై ఏడు తల బావది.

అప్పుడు జానెడు వెలుతురులోకి రెండు చిన్న చెప్పులు వచ్చాయి.

అంపారో తల్లి ఒళ్ళోంచి జారి, నడిచి వచ్చి, వంగి నోట్లోకి చూసింది. లోపల చెమటలో తాత ఉన్నాడు. పిల్ల ఏమీ ఆశ్చర్యపోలేదు. ఆ వయసువాళ్ళకు ఫ్రిజ్ లోపల పాలుండటం, సింహం లోపల తాత ఉండటం ఒకటే. చేతిలో మిగిలిన పిండివంటకం ముక్కను ముందు తాత నోట్లో పెట్టింది. తర్వాత తన తల సింహం నోట్లో పెట్టింది.

అబెల్ నమలడం ఆపాడు. మెడ సాచి, నుదుటితో పైదవడను మెల్లగా ముందుకు నెట్టాడు. చెక్కపళ్ళు పిల్ల జుట్టును తాకి ఆగాయి.

కొరికాడు.

ఏడిస్తే మంచిదంటారు. పిల్ల ఏడవలేదు. ఆచారమన్నాక ఎవరో ఒకరు ఏడవాలి కాబట్టి అబెల్ ఆ పని చూసుకున్నాడు. చెమటలో కలిసిపోయింది, సాక్ష్యం లేదు.

"ఏమిటా వణుకు?" అన్నాడు పైనుంచి ఫెర్మీన్.

"బరువు బావా."

"తగ్గాలనే అనుకుంటున్నా."

డప్పులు ఆగాక ఇద్దరూ పీచులోంచి విడివిడిగా బయటపడ్డారు. లూసియానా పిల్లను ఎత్తుకుని, "మామయ్యా, అసలు ఏడవలేదు చూశారా," అని కొంచెం దిగులుగా అంది. అబెల్ సమాధానం చెప్పేలోపు మియహిరా మాస్టారు వచ్చి నడుం వంచి దణ్ణం పెట్టి, నేర్చుకున్న స్పానిష్‌లో మెల్లగా అడిగాడు.

"ఒకినావాలో నేను తిరగని ఊరు లేదు. తల మీద నిలబడే సింహాన్ని చూడలేదు. ఇది ఏ ఊరి పద్ధతండీ?"

జుట్టు నిండా పీచుతో ఉన్న ఫెర్మీన్ మొహంలో గీత కూడా కదలలేదు. "మా ముత్తాతల నాటిది మాస్టారూ. మీ వైపు మర్చిపోయుంటారు."

"మర్చిపోయాం," అని మాస్టారు తల దించుకున్నాడు. "యుద్ధంలో చాలా పోయాయి. మీరు కాపాడారు." ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అబెల్‌కు నిజం చెప్పేయాలనిపించింది. చెబుదామని నోరు తెరిచి, పక్కకు చూశాడు. ఈ ఏడు కొరుకుడు నేల మీదేనని అర్థం చేసుకున్న తల్లులు తమ పిల్లల్ని చాప మీద వరసగా కూర్చోబెట్టి, తలలు ముందుకు వంచి, సిద్ధంగా పట్టుకుని ఉన్నారు. అంపారో రెండోసారి కోసం వరసలో దూరింది.

"శ్రమ అనుకోకపోతే," అన్నాడు మాస్టారు ఫోను తీస్తూ, "మళ్ళీ ఒక్కసారి, నెమ్మదిగా చూపిస్తారా?"

ఫెర్మీన్ చెయ్యి అలవాటుగా తల వైపు వెళ్ళింది. మధ్యలో ఆగింది. ఈ పురాతన పద్ధతిలో తల పెట్టుకున్నవాడే అడుగున ఉంటాడని అతని తలకు తట్టింది.

"నువ్వే పెట్టుకో అబెల్," అన్నాడు ఉదారంగా. "నీకు చక్కగా నప్పింది. ఇక ఏటా నువ్వే."

అబెల్ నడుం మీద చెయ్యి వేసుకుని, పిల్లల వరసను ఈ చివరి నుంచి ఆ చివరికి చూసుకున్నాడు. తల ఎత్తి తలకు పెట్టుకుని, చాప మీద బోర్లా పడుకుని, నోరు తెరిచాడు.

"బావా," అన్నాడు లోపలినుంచి, "ఎక్కు."