ఫ్లూట్లు కడగని సాయంత్రం

సబ్బునీళ్ల టబ్బులో పదహారు ఫ్లూట్లు. ఒక్కోదాని నోటిభాగం ఊడదీసి, సన్నటి బ్రష్షు లోపలికి పోనిచ్చి తిప్పుతోంది సంగీతం టీచరు. కూతురు పోయిన రెండు నెలలకు ఇవాళే మళ్లీ బడికి వెళ్లొచ్చింది.

"మళ్లీ మొదలుపెట్టావా వదినా?" గుమ్మంలోంచి అడిగింది ఆడపడుచు.

"ఊళ్లో పిల్లల ఎంగిలంతా మనింటికే," అన్నాడు భర్త, పేపరు దించకుండా. "పాపను పొట్టన పెట్టుకున్నది అదే కదా."

పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్లతోనూ ఆ మాటే అన్నాడు. పాపకు ఆ గొంతు జబ్బు ఎక్కడ అంటిందో చెప్పలేమని డాక్టరు అన్న సంగతి మాత్రం ఒక్కరికీ చెప్పలేదు.

బడిలో మూడు తరగతులకూ ఇవే ఫ్లూట్లు. "గుడ్డతో తుడిచి అందించండి టీచరమ్మా, కడుగుతూ కూర్చుంటే పీరియడ్ కాస్తా అయిపోతుంది," అనేవారు హెడ్మాస్టరు. అందుకే రోజుకో తరగతికి ఇచ్చి, సాయంత్రం ఇంటికి మోసుకొచ్చి కడిగేది. ఎవరూ చెప్పని పని, ఎవరికీ కనబడని పని.

పాప జబ్బు పడడానికి ముందు గురువారం భర్త స్నేహితులు ఆరుగురు భోజనానికి వచ్చారు. "ఒక్కరోజు కడక్కపోతే కొంపలేం మునగవు, ముందు వంట సంగతి చూడు," అన్నాడు. సంచి మూలనే ఉండిపోయింది. మర్నాడు ఫ్లూట్లు కూతురి తరగతికి. వార్షికోత్సవం దగ్గరపడిందని హెడ్మాస్టరు తొందరపెట్టారు. తడిగుడ్డతో తుడిచింది. పాపకు తన చేత్తోనే అందించింది.

"జబ్బు ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలీదు," అందిప్పుడు, బ్రష్షు ఆపి. "నేను వీటిని కడగని సాయంత్రం మాత్రం ఒక్కటే. ఆ సాయంత్రం నేనేం చేస్తున్నానో మీకు తెలుసు."

పేపరు కిందికి దిగింది. "అంటే, నేను చంపానంటావా?"

"అనను. ఇది మీకు పనిలా కనిపించలేదు. మీరు ఒక్కరోజేగా అంటే, నాక్కూడా కనిపించలేదు."

అతను వంటింటి వైపు చూశాడు గానీ భోజనం సంగతి అడగలేదు.

మర్నాడు సంగీతం పీరియడ్లో వరండాలో రెండు బకెట్లు పెట్టించింది. పిల్లలు వరసగా కూర్చుని, ఎవరు ఊదబోయేది వాళ్లే రుద్దుతున్నారు. సగం పీరియడ్ అక్కడే గడిచింది. హెడ్మాస్టరు వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"ఇలాగైతే పాట ఎప్పుడు నేర్పుతారు టీచరమ్మా?"

ఆమె ఒక చిన్నదాని చేతిలోని ఫ్లూటును వెలుతురుకు పట్టి, లోపలికి చూసింది.

"పాట ఎక్కడికీ పోదండీ," అంది.