నురగ కోసం

హేమ ఆటో దిగేసరికి సోనేపూర్ బడి వరండాలో పదకొండు మంది పిల్లలు చేతులు బకెట్లలో ముంచి ఏడుస్తున్నారు. బయట తల్లిదండ్రులు వంటమనిషి ఎర్రమ్మను చుట్టుముట్టారు.

"ఏటి కలిపినావే సబ్బులో?" కాశయ్య మీదికొచ్చాడు. "కూరలో ఉప్పెయ్యడం రాదు గానీ నీకు సబ్బు పని ఒకటి!"

"కుంకుడుకాయలు ఉడకబెట్టి పిండినాను బావా, అంతే. నా మనవరాలి సేతులూ మండిపోతన్నాయి, సూడు!"

"సాలు. రేపట్నుంచి బడిలో పొయ్యి ముట్టుకోకు. సర్పంచికి సెప్పేసినాం."

ఆ పొయ్యి పోతే ఎర్రమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు.

నెల క్రితం బరంపురంలో యాభై మంది టీచర్లకు ఈ కుంకుడు సబ్బు నేర్పింది హేమే. రసాయనం చుక్క కూడా ఉండదని బల్లగుద్ది చెప్పింది.

గబగబా వంటగదిలోకి నడిచి సబ్బు డేక్సాలో వేలు ముంచింది. కుంకుడు రసం ఇంత జారుడుగా ఉండదు. వేలు చురుక్కుమంది. గూట్లో సగం ఖాళీ అయిన చాకలి సోడా పొట్లం కనిపించింది.

"నేనే ఏసినాను మేడం." వెనక టీచర్ దుర్గాభవాని. ముఖం పాలిపోయి ఉంది. "మా బోరు నీళ్ళు ఉప్పన. నురగ రాకపోతే ఇది సబ్బే కాదని పిల్లలు నవ్వినారు. బరంపురంలో ఆ రోజు మీరు బోర్డు ఏపు తిరిగి ఏసినది ముందు బెంచీలోంచి సూసినాను. కిటుకు అదే అనుకున్నా."

"ఎంత వేశావు?"

"నాలుగు గుప్పిళ్ళు. వలలు బాగుచేసి పిల్లల సేతులేళ్ళు కోసుకుపోయుంటాయని గుర్తే రాలేదు."

హేమకు ఆ రోజు కళ్ళముందు ఆడింది. నురగ పలచగా వచ్చింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు ఓర్చుకోలేక సంచిలోంచి ఒకే ఒక్క చెంచా సోడా తీసి వేసింది. నురగ పొంగింది, చప్పట్లు మోగాయి. ఆ నవ్వును భరించి ఉంటే ఎంత బాగుండేది!

"మీరు సెప్పకండి, నేనూ సెప్పను," దుర్గాభవాని గొణిగింది. "ఎర్రమ్మకి ఇంకేదైనా పని సూద్దాం."

బయట ఎర్రమ్మ ఏడుపు వినిపించింది. హేమ పొట్లం పట్టుకుని వరండాలోకి వచ్చింది.

"ఆమెని వదలండి. ఆమె తప్పేం లేదు."

"మరెవులు?" కాశయ్య కళ్ళెర్రజేశాడు. "పేరు సెప్పు మేడం!"

వెనక దుర్గాభవాని ఊపిరి బిగబట్టింది. హేమ ఆమె వైపు తిరగలేదు.

"హేమ," అంది. "ఈ సోడా నేర్పింది నేనే."