మిరపచేను పురుగు

మూడేళ్ళ కిందటి ఆగస్టు తొమ్మిది, మంగళవారం. పొద్దున జొన్నరొట్టెలూ, వెల్లుల్లి కారం దట్టంగా పట్టించిన పుంటికూరా తిన్నారు. కల్యాణికి ఆ తేదీ గుర్తుండిపోవడానికి పెద్ద కారణమేమీ లేదు. చెయ్యి కడుక్కుని లేస్తుంటే భర్త ఉపేందర్ జీపులోంచి పద్దెనిమిది సీసాల సముద్రపు బురద దించాడు, అంతే. "జర చూసిపెట్టు, నీకైతే అలవాటే గద" అన్నాడు.

అలవాటే. పెళ్ళికి ముందు రెండేళ్ళు, తీరంలోని ఒక విశ్వవిద్యాలయంలో ఆమె ఇదే పని చేసింది. సముద్రం అడుగు బురదలో వెంట్రుకకన్నా సన్నటి పురుగులుంటాయి, చెంచాడు బురదలో వందలు. కార్ఖానా నీళ్ళలో వచ్చే రాగీ, పాదరసమూ, నూనే వాటినేం చేస్తున్నాయో లెక్కపెట్టి చూడాలి. ఆ డాక్టరేటు ఆమె చెయ్యాల్సింది. జనగామలో కాపురం పెట్టాక, కాలేజీలో పాఠాలు చెప్పే ఉపేందర్‌కు అది అవసరమైంది.

బురదను జల్లెడ పట్టడం స్నానాల గదిలో, అందరి స్నానాలూ అయ్యాక. గులాబీ రంగు వేస్తే పురుగులు ఎర్రబడి కనబడతాయి. తన కనురెప్ప వెంట్రుకనే ఒకటి పీకి సూదికి అంటించుకుని, దానితో ఒక్కో పురుగునూ ఎత్తి గాజుపలక మీద పడుకోబెట్టేది. కుక్కర్ మూడో కూతకు లేచేది. భూపాలపల్లి బొగ్గుగని క్వార్టర్లలో ముప్పై ఏళ్ళు భర్త బొగ్గుబట్టలు ఉతికిన అత్త సోమ్లీ గుమ్మంలో నిలబడి, "ఇంట్ల మన్ను కడుగుడేందే, పిల్లల కనమంటే పురుగుల సాకుతున్నవ్" అనేది. స్నేహితులొస్తే ఉపేందర్, "మా ఇంటామె పురుగుల లెక్కపెడ్తది, నేను ఆమె తప్పుల లెక్కపెడ్త" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. టీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని ఆమె కూడా నవ్వేది. కాలేజీ అటెండరు ఎల్లయ్య మాత్రం, పాత మైక్రోస్కోపు ఇంటికి పంపేటప్పుడు కన్ను ఆనించే చోట మెత్తటి గుడ్డ కుట్టించి పంపాడు. ఆ మూడేళ్ళలో ఆమె కళ్ళ గురించి ఆలోచించింది అతనొక్కడే.

పదకొండు వేల పురుగులు లెక్క తేలాయి. శుభ్రమైన చోట నలభై రకాలు; కార్ఖానా మోరీ సముద్రంలో కలిసే చోట మూడే. ఆ మూడూ విషంలోనే బలిసి పిల్లల్ని పెడతాయి. వాటి ఓర్పును మెచ్చుకునేవాళ్ళు ఉండొచ్చు. కల్యాణికి నోటికి వచ్చినవి మాత్రం అక్కడ లేకుండాపోయిన ముప్పైయేడు పేర్లే.

డాక్టరేటు గ్రంథం టైపు చేసిందీ ఆమే. కృతజ్ఞతల పేజీలో, 'ఓపికగా టీ అందించిన నా శ్రీమతికి' అని ఉంది. అచ్చయ్యే వ్యాసంలోనైనా తన పేరు పెట్టమంటే, "ఇంట్ల మనిషికి పేరెందుకు, ఇద్దరం ఒకటే గద" అన్నాడు.

ఫోటోల పేజీ ఒక్కటే అతను స్వయంగా చేశాడు, ఆమె పెట్టెల్లోంచి అందంగా కనబడిన గాజుపలకలు ఏరి. టైపు చేస్తూ కల్యాణి ఒక ఫోటో దగ్గర ఆగింది. అది సముద్రపు పురుగు కాదు. కురవి దగ్గరి తండాలో, తన నాయిన మాన్‌సింగ్ మిరపచేనులో వేళ్ళకు బుడిపెలు లేచి మొక్కలు వాడిపోతే, ఆమె తెచ్చి, పలక మీద పెట్టి చూసిన పురుగు. వేరును పొడిచి రసం తాగడానికి దాని నోట్లో సూది ఉంటుంది; ఈ సముద్రపు బురద పురుగులకు ఉండదు. నెల రోజులు మైక్రోస్కోపు ముందు కూర్చున్న ఎవరికైనా అది తెలుస్తుంది.

"అంత మంచిగనే ఉన్నదా?" అని ఉపేందర్ ముందుగదిలోంచి అడిగాడు.

"అక్షరం తప్పు లేదు" అంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

మొన్న గురువారం మౌఖిక పరీక్షకు బయటినుంచి వచ్చిన పెద్దావిడ సరిగ్గా ఆ ఫోటో దగ్గరే ఆగిందట. "నోట్లో ఇదేమిటి?" అని అడిగితే ఉపేందర్ "పన్ను" అన్నాడట. హాలులో ఎవరూ నవ్వను కూడా లేదట. పరీక్ష ఆపేసి, పదిహేను రోజుల్లో సంజాయిషీ రాసివ్వమన్నారు.

ఆ రోజు చీకటిపడ్డాక ఇంటికొచ్చి, చొక్కా అయినా విప్పకుండా ఆమె ముందు తెల్లకాగితాలు పెట్టాడు.

"రాయి. స్లైడ్లు చేసింది నువ్వే, కలగలిపింది నువ్వే అని రాసి సంతకం పెట్టు."

"చేసింది నేనే అని రాయాల్నా?"

"మరి నువ్వే గద చేసినవ్."

మూడేళ్ళలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు. కల్యాణి కాగితాలు దగ్గరికి లాక్కుంది.

"రాస్త. మొదటి సీసా కాన్నించి రాస్త. జల్లెడ ఎవరు పట్టిన్రు, లెక్క ఎవరు పెట్టిన్రు, ఫోటో ఎవరు ఏరిన్రు. నా నోట్‌బుక్కులు తొమ్మిదున్నయి, అవి గూడ పెట్టి నేనే పంపిస్త."

అతను కాగితాల మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "నా నౌకరి పోతది."

"తెలుసు."

"ఆ ఫోటో నువ్వు ముందే చూసినవా?"

"టైపు చేసిన్నాడే చూసిన."

"మరి చెప్పవా?"

"పేరు మీది. చూసుకునుడు గూడ మీదే."

జాలి వస్తుందేమోనని ఆమె అతని ముఖంలోకి చూసింది. రాలేదు. కాగితాలు తీసుకుని లోపలి గదిలోకి వెళ్ళి, బల్ల ముందు కూర్చుని రాయడం మొదలుపెట్టింది.

"యాడీ, నీ కోడలు నన్ను బజార్ల నిలబెడ్తున్నది, జర చెప్పు" అని ఉపేందర్ తల్లిని పిలిచాడు.

సోమ్లీ వచ్చి గుమ్మంలో నిలబడింది. "ఏం రాస్తున్నవే?"

"నేను చేసిన పని."

ముసలామె కోడలి వేళ్ళకేసి చూసింది. గోళ్ళ మొదళ్ళలో ఆ గులాబీ రంగు ఇంకా పోలేదు. తర్వాత కొడుకు వైపు తిరిగింది.

"గిన్నెల బువ్వ ఉన్నది. పెట్టుకొని తినుపో" అని, తను గడప బయటే ఉండి, చప్పుడు కాకుండా గది తలుపు దగ్గరికి వేసింది.