తొలి ఎలుక అమ్మవారిది

నలభై ఒకటో ఎలుకపెట్టె కూడా ఖాళీ. అసిరయ్య మూత తెరిచి, చీమలు పట్టిన వేరుశనగ ముద్దను గోటితో గీరి పారేసి, రేకుపెట్టెను మడిచి సంచిలో వేసుకున్నాడు. మామూలుగా అయితే కొత్త ముద్ద పెట్టి మళ్లీ బండసందులో దోపేవాడు. ఈ రోజుతో పని ఆఖరు.

అరవై రెండేళ్ల మనిషి. పొట్టి. పందికొక్కు కొరికిన చూపుడువేలు వంకర తిరిగిపోయింది. చెరుకు, వరి చేలల్లో కలుగులకు పొగపెట్టి ఎలుకలు పట్టడమే బతుకంతా. చేలల్లోకి ఎలుకల మందు వచ్చాక అతణ్ణి పిలిచేవాళ్లు లేకపోయారు. భార్య గున్నమ్మ పోయాక ఇంట్లోనూ పిలిచే దిక్కు లేదు. అలాంటప్పుడు విజయనగరం నుంచి జంతువుల మీద పరిశోధన చేసే రేఖ అనే అమ్మాయి వచ్చింది. ఈ కొండమీద పూర్వం ఓ రాతి ఎలుక ఉండేదట, తోక కొసన తెల్లకుచ్చట, అది ఇంకా బతికుందో లేదో తేల్చాలి, పెట్టెలు పెడతావా తాతా అంది. అప్పట్నుంచి చలికాలం వస్తే చాలు, రోజూ పొద్దున్నే ఎక్కడం, అరవై పెట్టెలు చూడడం, దిగడం. కొండను తవ్వి ఎలుకను పట్టడమంటే ఇదేరా అని ఊరంతా నవ్వింది. ఇది మూడో చలికాలం. ఈసారీ కనబడకపోతే ఇక లేనట్టే రాసేస్తారని రేఖ నిన్ననే ఫోనులో చెప్పింది.

లేకపోవడమేమిటి! అసిరయ్య చూశాడు. మొదటి ఏడే, మొట్టమొదట పెట్టెలో పడిందే అది. చేత్తో పట్టుకుంటే దాని గుండె వేళ్లకు తగిలింది. కానీ వాళ్ల ఇళ్లలో ఓ కట్టుబాటుంది. ఏటేటా పట్టిన తొలి ఎలుక అమ్మవారిది, వదిలేయాలి, ఎవరితోనూ అనకూడదు. వదిలేశాడు. ఒకటున్న చోట పదుండవా అనుకున్నాడు. ఆ తర్వాత మామూలు ఎలుకలు పడ్డాయి గాని అది పడలేదు. ఈ ఏడయితే తొండలు తప్ప ఏవీ లేవు. గున్నమ్మ ఉంటే ఆమె దగ్గరైనా గొణిగేవాడు. ఒక్కడే మోశాడు.

యాభై మూడో పెట్టె బరువుగా తగిలింది. సందులోంచి చూశాడు. తెల్లకుచ్చు.

అసిరయ్య మూత నొక్కిపట్టాడు. సిగ్నలు దొరికే బండ దాకా పెట్టెను గుండెకు ఆనించుకుని నడిచి, రేఖకు చెప్పాడు. తెరవొద్దు తాతా, నీడన పెట్టు, గంటలో వస్తా అందామె. నీడన కూర్చుని పెట్టెమీద తడి తువ్వాలు కప్పాడు. లోపల గోళ్ల చప్పుడు. మూతమీదికి చెయ్యి మూడుసార్లు పోయింది. ఇది ఈ ఏటి తొలి ఎలుక. వదిలితే అమ్మవారిది అమ్మవారికి చేరుతుంది. కానీ ఇది లేనట్టే రాస్తారు. తాను చూసిందీ లేనట్టే. ఆ మాట తట్టుకోలేకపోయాడు.

"ఈ ఒక్కటీ నాకొగ్గీయే తల్లీ," అని అమ్మవారిని వేడుకున్నాడు.

గంట కాస్తా రెండు గంటలయింది. గోళ్ల చప్పుడు తగ్గింది, తర్వాత ఆగింది. నిద్రపోయిందనుకున్నాడు.

రేఖ రొప్పుతూ ఎక్కివచ్చి మూత తీసింది. ఎలుక పక్కకు ఒరిగి ఉంది. వేలితో తాకి చూసి, బెదురుకు గుండె ఆగిపోయుంటుంది, నీ తప్పేం లేదు తాతా అంది. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి గాని చేతులు ఆగలేదు. తూచింది, కొలిచింది, ఫొటోలు తీసింది.

"ఇప్పుడు ఉందని రాయొచ్చు," అంది.

అసిరయ్య తడి తువ్వాలు పిండి భుజాన వేసుకున్నాడు. "తొలి ఏడు ఒకటి పడ్డాదమ్మా. పేనంతోటే. నానే అమ్మోరికి ఒగ్గీసినాను."

రేఖ కలం ఆగింది. "అది రాయలేను తాతా. చూపించాలి కదా."

అసిరయ్య తలూపాడు. చూపించడానికి చచ్చింది ఉంది, చాలు.

ఆమె అట్టచీటీ మీద తేదీ, చోటు, పట్టినవారు అసిరయ్య అని రాసింది. తడిచేతికి సిరా అలుక్కుపోయింది. దాన్ని బండమీద పడేసి ఇంకోటి రాసి, ఎలుక కాలికి దారంతో కట్టి, సీసాలో పెట్టింది. ఇద్దరూ పెట్టెలన్నీ దించి జీపులో సర్దారు. రేపట్నుంచి ఎక్కక్కర్లేదు, మోకాళ్లకు కాస్త విశ్రాంతి అంది రేఖ. జీపు మలుపు తిరిగేదాకా నిలబడి, అసిరయ్య ఇంటివైపు నడిచాడు. ఏం వండుకోవాలో కూడా తోచలేదు.

పైన బండమీద, అలుక్కుపోయిన ఆ మొదటి చీటీ గాలికి తిరగబడుతూ ఉంది.