నలభై ఏడో నంబరు

మా బాపుకూ పెద్దబాపుకూ మధ్య గోడ లేచి రెండేళ్లయింది. హైదరాబాదులో దబీర్‌పురా రైల్వే స్టేషన్ వెనక మా ఇల్లు, వాకిలి, బర్రెల కొట్టం అన్నీ సగం సగమయ్యాయి. ఇంటి నంబరును పంచుకోవడం మాత్రం ఎవరికీ తోచలేదు. రెండు తలుపుల మీదా నలభై ఏడే.

గోడ అవతల పెద్దబాపు కూతురు పూజిత. ఇద్దరం ఒకే ఏడు పుట్టాం, ఒకే దుప్పట్లో పెరిగాం. గోడ లేచాక గల్లీలో ఎదురైతే తల దించుకుని పోయేది. నేనేం తక్కువ తిన్నానా, మూతి తిప్పుకునేదాన్ని. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

అది రెండు వేల ఐదో సంవత్సరం. కేబుల్ రవీందర్ మిద్దెల మీదుగా వైర్లు లాగి గల్లీకంతా ఇంటర్నెట్ ఇచ్చాడు. ఒక్కో కంప్యూటరుకూ వేరే నంబరు ఉండాలట. గుర్తుంటుందని ఇంటి నంబరే పెట్టుకుంటూ పోయాడు మహానుభావుడు. మా రెండిళ్లకూ నలభై ఏడు పడింది. రెండు కంప్యూటర్లూ ఒకేసారి నడిస్తే చాలు, తెర మూలన పసుపు డబ్బా వచ్చేది, ఈ నంబరును ఇంకో కంప్యూటరు వాడుతోందని. ఇక నెట్ బందే.

బాపు పిలిపిస్తే రవీందర్ వచ్చి, కంప్యూటర్లో నంబరు ఉండే చోటు తెరిచి చూపి నవ్వాడు.

"ఏం ఫికర్ లేదు మొగులన్నా. ఒక్కరు నలభై ఎనిమిదికి మారుండ్రి. అది పక్కింటి ఆగమ్మది. ఆమెకు కంప్యూటర్ ఏడికెళ్లొస్తది? ఖాళీనే ఉంది."

"నేనెందుకు మారాలె? నలభై ఏడు మా నాయిన నంబర్. వాళ్లనే మార్చుకోమను," అన్నాడు బాపు.

గోడ అవతలి నుంచి పెద్దబాపు అందుకున్నాడు. "పెద్దోన్ని నేను! నంబర్ నాది!"

దొందూ దొందే. మీ లొల్లి మీరే తెంపుకోండ్రి అని దండం పెట్టి వెళ్లిపోయాడు రవీందర్.

నాకు మాత్రం ఆ పసుపు డబ్బా అంటే ప్రాణం. అది వచ్చిందంటే పూజిత అవతల కూర్చుందన్నమాట. రెండేళ్లలో ఆమె నుంచి నాకు అందిన కబురు అదొక్కటే. కాలేజీ నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా కంప్యూటరు పెట్టేదాన్ని. కానీ పూజితకు నేనింకా కావాలా? ఆ సంగతి డబ్బా చెప్పదు కదా.

ఒక సాయంత్రం డబ్బా రాలేదు. నెట్ హాయిగా నడిచింది.

"పీడ వోయింది," అన్నాడు బాపు, పాల క్యాన్లు సైకిలుకు కట్టుకుంటూ.

మరునాడూ రాలేదు. నా వల్ల నెట్ రాక విసుగెత్తి మానేసిందేమో. నన్నూ అలాగే వదిలేసిందేమో. నాకు నంబరెందుకు, పూజిత కావాలి. ఆమెనే పెట్టుకోనీ అనుకున్నాను. బాపు పాలు పోయడానికి వెళ్లగానే, రవీందర్ తెరిచి చూపిన చోటే తెరిచి, ఏడు తీసేసి ఎనిమిది కొట్టాను.

వెంటనే పసుపు డబ్బా వచ్చింది. ఈ నంబరును ఇంకో కంప్యూటరు వాడుతోంది.

ఆగమ్మకు కంప్యూటరు లేదు. నలభై ఎనిమిది ఖాళీ అన్న మాట విన్నది మా రెండిళ్ల వాళ్లే.

కుర్చీ పడిపోతున్నా చూసుకోకుండా వాకిట్లోకి పరుగెత్తాను.

"పూజితా!"

గోడకు అటువైపు, చాలా దగ్గరగా, గొంతు.

"నువ్వు గూడ మార్చినవానే?"

గోడకు చెంప ఆనించి ఏడుస్తూ నిలబడ్డాను. అటువైపు కూడా ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు వినిపించింది.