కొండమ్మ వాకిట్లో రెండు డ్రమ్ములు

పద్మప్రియ కాగితం మిల్లు ల్యాబులో కాంట్రాక్టు కెమిస్టు. జామాయిల్ కర్రను ఉడికించి గుజ్జు తీశాక మిగిలే నల్లటి పులుసును మిల్లులో బాయిలర్‌కు పోసి మండించేస్తారు. ఆ పులుసులోంచే ఆమె ఒక గోధుమరంగు పొడి తీసింది. బురద నీళ్లలో వేసి కలిపితే మట్టి ముద్దకట్టి అడుక్కి దిగుతుంది, పటిక అక్కర్లేదు. చెట్టులోంచి వచ్చిన సరుకు కాబట్టి అడుగున మిగిలే బురద చేలో పోసినా నష్టం లేదని ఆమె వాదన. వాదనదేముంది, ఎవరైనా చేస్తారు. ఈ వానాకాలం పటికకు దీటుగా పనిచేసి చూపిస్తే సరి, లేకపోతే పొడీ ఆగుతుంది, నీ ఉద్యోగమూ ఆగుతుందని పైఅధికారి నాగచైతన్య ముందే చెప్పేశాడు.

అందుకని పినపాక దాటాక గోదావరి ఒడ్డున ఒక గూడెంలో, కొండమ్మ అనే పెద్దావిడ వాకిట్లో రెండు డ్రమ్ములు పెట్టించింది. రెంటిలోనూ ఎర్రటి వరద నీళ్లే. ఒకదాంట్లో పటిక, ఇంకోదాంట్లో పొడి. పొద్దున్నే వేసి కలిపి, పక్క ఊళ్లలో నీళ్ల శాంపిళ్లు పట్టుకుని మధ్యాహ్నానికి తిరిగొచ్చేది.

ల్యాబులో ఆ పొడి మట్టినైతే దించేది గానీ పలచటి డికాషన్ రంగు మిగిల్చేది. ఇక్కడ ఆ రంగే లేదు. డ్రమ్ము అడుగు కనిపిస్తోంది. ఏటి నీళ్ల గుణం కాబోలు అనుకుంది. మనకు కావలసిన జవాబు వచ్చినప్పుడు ఎందుకొచ్చిందని ఎవరడుగుతారు! ఫొటోలు తీసి పంపింది. నాగచైతన్య పొంగిపోయి, మిల్లు పెద్దసారును వెంటబెట్టుకుని ఎల్లుండే వస్తానన్నాడు.

మర్నాడు పొద్దున పొడి కలిపి బయల్దేరిన ఆమె కళ్లజోడు మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కి వచ్చింది. కొండమ్మ సానరాయి మీద చిల్లగింజ అరగదీసి, ఆ గంధాన్ని పొడి వేసిన డ్రమ్ములో కలుపుతోంది.

"ఏంది పెద్దమ్మా, ఏం కలుపుతున్నవ్?"

"చిల్లగింజ బిడ్డా. అసలే బురద నీళ్లు, అండ్ల నువ్వు ఇంత మన్ను పోసి పోతివి. చదువుకున్న పిల్ల, అంటే మనసు కష్టపెట్టుకుంటదని నేనే తేటచేస్తున్న."

"రోజూనా?"

"అవ్. ఆ పటిక దాంట్ల కలపలే. అది తెల్లగనే ఉండె గదా."

పద్మప్రియకు కోపం రాలేదు, భయం వేసింది. ఆ డ్రమ్ము పారబోసింది. కొత్త నీళ్లు నింపించి పొడి ఒక్కటే వేసి, దీన్ని ముట్టుకోవద్దని కొండమ్మకు చెప్పింది. తెల్లారేసరికి మట్టి దిగింది. రంగు మాత్రం మిగిలింది.

నాగచైతన్య కారు దిగగానే పక్కకు పిలిచి జరిగింది చెప్పింది.

"పిచ్చా నీకు?" అన్నాడతను గొంతు తగ్గించి. "గింజ సంగతి ఎవరికి తెలుసు? ఇవాళొక్కరోజు కలపనిస్తే పోయేదేముంది?"

"రేపు ఊరూరి ట్యాంకులకు పంపుతాం సార్. ప్రతి ట్యాంకు కాడ కొండమ్మ ఉంటదా?"

పెద్దసారు రెండు డ్రమ్ముల్లోకీ తొంగిచూశాడు. పటిక నీళ్లు తేటగా ఉన్నాయి, పొడి నీళ్లు టీ గ్లాసు కడిగిన నీళ్లలా ఉన్నాయి. ఆమె గింజ సంగతి దాచకుండా ఆయనకూ చెప్పింది. నిజం చెప్పినందుకు చాలా సంతోషమన్నాడు. ఆ సంతోషంతోనే పని ఆపేయమని చెప్పి కారెక్కాడు.

డ్రమ్ములు ఆటోలోకి ఎక్కిస్తుంటే కొండమ్మ దగ్గరికి వచ్చింది.

"రేపు రావా బిడ్డా?"

"రాను పెద్దమ్మా. ఆపేసిన్రు."

కొండమ్మ ముఖం చిన్నబోయింది. "నేను చెయ్యి పెట్టబట్టే గదా. ఇగ ముట్టుకోను, ఒట్టు. సారుకు జెప్పు."

ఏమని చెప్పాలి? ఆ చెయ్యి పడ్డన్ని రోజులే పొడి గెలిచింది.

"నీ తప్పేం లేదు పెద్దమ్మా. నా పొడికే ఇంకా పని చేతనైతలేదు."

"ఓస్, గంతేనా. చేతనైనంక తోలుకరా" అంది కొండమ్మ, పిల్లదాని గురించి మాట్లాడినట్టే. "వాకిలి ఏడికి పోతది?"

అంతసేపూ గట్టిగా ఉన్న పద్మప్రియకు అప్పుడు ఏడుపొచ్చింది. ముక్కు తుడుచుకుంటూ ఆటో దగ్గరికి వెళ్లి, ఎక్కించిన డ్రమ్ముల్లో పొడిది కిందికి దింపించి, మళ్లీ ఆ వాకిట్లోనే పెట్టించింది.